అడగొచ్చా అక్కా?

వానాకాలం వచ్చిందంటే నాకు మొట్టమొదట గుర్తొచ్చేది పిల్లల వార్డు. ఒకపక్క డెంగ్యూ జ్వరాలు, ఒకపక్క వాంతులు విరేచనాలు, ఇంకోపక్క నిమ్ము. ఏ మంచం దగ్గర చూసినా ఒక స్టాండు, స్టాండుకి ఒక సెలైన్ బాటిల్, దాని కింద బిక్కమొహం వేసుకున్న ఒక పసివాడు. స్టాఫ్ నర్సుగా ఇరవై తొమ్మిదేళ్ళు ఆ స్టాండ్ల మధ్యే తిరిగాను. రిటైరై ఇంట్లో కూర్చున్నా, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్తే నా కళ్ళు ముందు వాళ్ళ మొహం మీదికి కాదు, సెలైన్ పెట్టిన చేతి మీదికే పోతాయి.

పోయిన నెల ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. వాళ్ళ మూడేళ్ళ బాబుకి జ్వరం తగ్గక ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నారట. ఎడమ చేతికి సెలైన్ పెట్టి, కింద మందుల అట్టపెట్టె ముక్క ఒకటి ఆనించి, వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా తెల్ల ప్లాస్టర్ చుట్టేశారట. రెండోరోజు రాత్రి బాబు ఆ చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. "సూది పెట్టాక నొప్పి ఉండదూ?" అన్నారు పక్క మంచం వాళ్ళు. సిస్టర్ని పిలుద్దామంటే ఆవిడ అప్పటికే కాలు నిలవకుండా తిరుగుతోంది. తెల్లారి ప్లాస్టర్ విప్పితే చెయ్యి బూరెలా పొంగి ఉంది. వెళ్తున్నది ఉత్త సెలైను కాబట్టి రెండు రోజుల్లో వాపు తీసేసింది. ఆ అమ్మాయి ఉత్తరం చివర ఒక్క ప్రశ్న రాసింది: "చదువుకున్నదాన్నే అక్కా, అయినా నోరు పెగల్లేదు. అలాంటప్పుడు అడగొచ్చా?"

అడగొచ్చు చెల్లీ. అడగాలి. ఆ మాట చెప్పే అర్హత నాకెలా వచ్చిందో ముందు చెప్పుకుంటాను. ఇది నేను ఇన్నేళ్ళుగా ఎవరికీ పెద్దగా చెప్పని సంగతి.

ఉద్యోగంలో చేరి అప్పటికి మూడేళ్ళు. నైట్ డ్యూటీ. ముప్ఫై మంచాల వార్డుకి నేనూ, ఒక ఆయా. కాల్షియం పడిపోయి ఫిట్స్‌తో వచ్చిన నాలుగేళ్ళ పాప ఒకతి ఉంది. డ్రిప్పులో కాల్షియం వెళ్తోంది. రాత్రి ఒంటిగంటప్పుడు వాళ్ళమ్మ నా టేబుల్ దగ్గరకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సిస్టరమ్మా, పాప చెయ్యి బరువుగా ఉందమ్మా" అంది. నేను కుర్చీలోంచే తలెత్తి చూశాను. బాటిల్ కింద చుక్కలు టకటకా పడుతున్నాయి. "చుక్కలు పడుతున్నాయి కదమ్మా, ఏం కాదు, పడుకోబెట్టు" అన్నాను. ఆవిడ మారుమాట లేకుండా వెళ్ళిపోయింది.

మూడింటికి యాంటీబయాటిక్ ఇవ్వడానికి వెళ్ళి ఆ ప్లాస్టర్ మీద చెయ్యి వేశాను. చల్లగా, బిర్రుగా తగిలింది. నా గుండె జారిపోయింది. గబగబా విప్పి చూస్తే చేతి వెనక భాగం పాలిపోయి, నిగనిగలాడుతూ, మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లగా కమిలిన మచ్చ. ఆ మచ్చ పుండైంది. తొడ మీది చర్మం తీసి అక్కడ అతికించారు. పాప బతికింది, నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. కానీ ఆ చెయ్యి మునుపటి చెయ్యి కాలేదు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి నాకు తెలిసొచ్చిందొకటే. చుక్కలు పడటం వేరు, ఆ చుక్కలు నరంలోకి వెళ్ళడం వేరు. గొట్టం నరంలోంచి జారిపోయినా బాటిల్లో చుక్కలు పడుతూనే ఉంటాయి. నరం పక్కన కండలోకి, చర్మం కిందికి పోతుంటాయి, అంతే. మోటారుతో నడిచే పంపు పెట్టినా అంతే. అది కూడా చాలాసార్లు పీప్ అనకుండా తన పాటికి తాను తోస్తూనే ఉంటుంది. యంత్రానికి తెలియనిది చెయ్యి పట్టుకుని కూర్చున్న తల్లికి ముందే తెలిసింది. నేను వినలేదు.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. మనం నరం అని పిలుచుకునేది నిజానికి రక్తనాళం. సెలైన్ పెట్టాక చేతిలో సూది ఉండిపోతుందని చాలామంది తల్లుల భయం. ఉండదు. సూది దారి చూపించి బయటికొచ్చేస్తుంది. లోపల మిగిలేది మెత్తటి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం. దాన్నే కాన్యులా అంటారు, వార్డుల్లో వెన్‌ఫ్లాన్ అనీ అంటారు. ఇదివరకు లోహపు సూదే నరంలో ఉండిపోయేది, పిల్లాడు కదిలితే చీరేసేది. 1950లో అమెరికాలోని రోచెస్టర్‌లో, మేయో క్లినిక్‌లో మత్తు వైద్యం నేర్చుకుంటున్న డేవిడ్ మాసా అనే కుర్ర డాక్టరు ఈ ప్లాస్టిక్ గొట్టం ఉపాయం పట్టాడు. కాన్యులా మూతి రంగు చూడండి. పసుపైతే 24 నంబరు, నీలమైతే 22, గులాబీ అయితే 20. నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. చిన్నపిల్లలకి ఎక్కువగా పెట్టేది పసుపే. నెలలు నిండని బిడ్డలకి అంతకన్నా సన్నం, ఊదా రంగు 26.

పిల్లల నరం దారప్పోగంత ఉంటుంది. బొద్దుగా ఉన్న బిడ్డలకైతే ఆ చర్మం కింద కంటికే ఆనదు. జ్వరంతో, విరేచనాలతో నీరసించిన బిడ్డకి నరాలు ఇంకా ముడుచుకుపోతాయి. పైగా వాళ్ళు కదలకుండా ఉండరు, ఎక్కడ నొప్పో చెప్పలేరు. పెద్దవాళ్ళైతే చేతికి వాపు రాగానే "అమ్మా" అంటారు. పిల్లలు అన్నిటికీ ఏడుస్తారు కాబట్టి, అసలు ఏడవాల్సిన ఏడుపు అందులో కలిసిపోతుంది.

అందుకని మొదటి ప్రశ్న సెలైన్ పెట్టకముందే అడగాలి. "డాక్టర్ గారూ, ఇది నోటితో ఇస్తే సరిపోదా?" మన ఊళ్ళలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. పిల్లాడు కాస్త వాడిపోతే చాలు, "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టర్ గారూ, ఓపికొస్తుంది" అని మనమే అడుగుతాం. ఎక్కించకపోతే ఆ డాక్టరుకి చేతకాదనుకుని ఇంకో దగ్గరికి పోతాం. సెలైనంటే ఉప్పునీళ్ళు చెల్లాయిలూ. బిడ్డ తాగగలిగితే ఓఆర్ఎస్ అదే పని చేస్తుంది, గుచ్చకుండా చేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది. సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పూ, గ్లూకోజూ, వంటసోడా పాళ్ళ ప్రకారం నీళ్ళలో కలిపించి, డ్రమ్ముల్లో పోయించి, తల్లుల చేత, అక్కల చేత గ్లాసులతో తాగించాడు. నూటికి ముప్ఫై మంది పోయే శిబిరంలో చావులు నూటికి నాలుగులోపుకి దిగాయి. ఆయన 2022లో కన్నుమూశాక దేశం పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది.

అలాగని, సెలైన్ కావాల్సిన బిడ్డకి వద్దని భీష్మించుకోకండి. వాంతులు ఆగకపోతే, బిడ్డ మగతగా పడి ఉంటే, ఒంటేలు ఆగిపోతే, చేతులూ కాళ్ళూ చల్లబడితే, డెంగ్యూలో షాక్ వచ్చిందంటే, అప్పుడా గొట్టమే ప్రాణం. అలాంటి అత్యవసరంలో నరం దొరక్కపోతే మోకాలి కింద ఎముకలోకి సూది దించుతారు. చూసి గుండె ఆగినంత పనవుతుంది, కానీ అది తెలిసి చేసే పనే, ప్రాణాలు నిలబెట్టే పనే. అడ్డుపడకండి.

ఇక గుచ్చే వేళ. ముందు చూడాల్సింది గుచ్చేవాళ్ళ చేతులు. సబ్బుతోనో శానిటైజర్‌తోనో శుభ్రం చేసుకున్నారా? గ్లవ్స్ వేసుకున్నంత మాత్రాన చేతులు కడిగినట్టు కాదు. స్పిరిట్ దూదితో తుడిచాక ఆ చోటు ఆరాలి. తడి మీదే గుచ్చకూడదు. ఆరాక మళ్ళీ వేలితో తడమకూడదు.

బిడ్డని బల్ల మీద వెల్లకిలా పడేసి నలుగురు నాలుగు పక్కలా అదిమి పట్టడం మన దగ్గర మామూలు. అదొక్కటే పద్ధతి కాదు. అమ్మ ఒళ్ళో నిటారుగా, అమ్మ గుండెకి ఆనుకుని కూర్చుంటే చెయ్యి ఒక్కటీ బయటికి చాపి పెట్టించొచ్చు. పాలు తాగే బిడ్డయితే రొమ్ము నోట్లో ఉండగానే గుచ్చొచ్చా అని అడగండి. పాలు తాగుతున్న పసివాళ్ళకి సూది నొప్పి తక్కువగా తెలుస్తుందని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. కాస్త తీరిక ఉన్న సందర్భమైతే మొద్దుబార్చే క్రీము ఉంటుంది. లిడొకేన్, ప్రిలొకేన్ అనే రెండు మందులు కలిసిన క్రీము. గంట ముందు రాసి ఉంచితే చర్మానికి పోటు తెలియదు. ఎక్కడ రాయాలో, ఎంత రాయాలో, ఆ వయసుకి రాయొచ్చో లేదో డాక్టరే చెప్పాలి. కాస్త ఊహ తెలిసిన పిల్లలతో "నొప్పే ఉండదమ్మా" అని మాత్రం అనకండి. ఒక్కసారి ఆ మాట అబద్ధమైతే తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. "చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, నేను పక్కనే ఉంటాను, పది అంకెలు లెక్కపెడదాం" అనండి. మా వార్డులో ఒక పాప తన బొమ్మకి కూడా ప్లాస్టర్ వేయించుకుంది. "ముందు దానికి, తర్వాత నాకు" అంది. ఆ పూట ఇద్దరూ ఏడవలేదు.

ఏ చేతికి పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. బిడ్డ ఏ చేత్తో తింటాడో, ఏ చేతి బొటనవేలు చీకుతాడో మీకు తెలిసినట్టు మాకు తెలియదు. ముందే చెప్పండి, రెండో చేతికి పెడతారు. నడిచే పిల్లలకి కాలికి పెట్టకుండా వీలైనంత చూస్తారు.

నరం దొరక్కపోతే? ఒకే మనిషి నాలుగైదు పోట్లు పొడుస్తూ పోకూడదు. రెండుసార్లు ప్రయత్నించి కాకపోతే ఇంకా అనుభవమున్నవాళ్ళని పిలవాలన్నది చాలాచోట్ల పెట్టుకున్న నియమం. కష్టమైన నరాన్ని ముందే పసిగట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. 2008లో అమెరికా డాక్టర్లు ఒక చిన్న లెక్క తయారు చేశారు. నరం కంటికి కనపడుతోందా, వేలికి తగులుతోందా, బిడ్డ వయసెంత, నెలలు నిండకుండా పుట్టిందా. ఈ నాలుగు చూసి మార్కులు వేస్తారు. నాలుగో, అంతకు మించో వస్తే మొదటి పోటుకే దొరికే అవకాశం సగం కన్నా తక్కువ. అలాంటి బిడ్డకి మొదటే పెద్ద సిస్టర్ చెయ్యి పడాలి, లేదా చర్మం కింద నరం చూపించే లైటు, అల్ట్రాసౌండు తెప్పించాలి. మీ బిడ్డ నెలలు తక్కువతో పుట్టినా, పోయినసారి నరం దొరక్క ఇబ్బందైనా ఆ సంగతి ముందే చెప్పండి. "మీకు రాదు" అనడం వేరు, "మా వాడికి పోయినసారి ఐదు పోట్లు పడ్డాయండీ, పెద్ద సిస్టర్ గారు ఉంటే పిలుస్తారా?" అనడం వేరు. ఈ రెండో మాటకి ఏ సిస్టరూ నొచ్చుకోదు.

పెట్టేటప్పుడు పైన బిగించి కడతారే, రబ్బరు పట్టీయో, గ్లవ్వో, అది తిరిగి విప్పారో లేదో మీ కళ్ళతో చూసుకోండి. చొక్కా చెయ్యి దాని మీదికి జారిపోయి ఎవరూ గమనించక చేతికి రక్తం ఆడకపోయిన సంఘటనలున్నాయి. లెక్క తేలిక. కట్టింది ఒకటి, విప్పింది ఒకటి.

ఇక కట్టు. ఉత్తరం రాసిన చెల్లెలి బాబుకి జరిగిందీ, నా రాత్రి డ్యూటీలో ఆ పాపకి జరిగిందీ ఇక్కడే. బిడ్డ పీకేసుకుంటాడన్న భయంతో మేము చుట్టేస్తాం, చుట్టూ చుట్టేస్తాం. మా భయం అబద్ధం కాదు. నానా తిప్పలూ పడి దొరికించుకున్న నరం పోతే మళ్ళీ బిడ్డకే పోటు. కానీ కప్పేసిన చోట ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి. గొట్టం చర్మంలోకి దిగిన చోటు ఎప్పుడూ కనపడాలి. అందుకే గాజుకాగితంలాంటి పారదర్శకమైన పట్టీలొచ్చాయి. వేళ్ళ కొసలు బయటికి ఉండాలి. వాటి రంగు, వెచ్చదనం తెలియాలి. ప్లాస్టర్ చేతి చుట్టూ గాజులా పూర్తిగా తిప్పి బిగించకూడదు. లోపల చెయ్యి వాస్తే అదే ఉరితాడవుతుంది. అట్ట పెట్టినా చెయ్యి సహజంగా ఉన్న వంపులోనే ఆనాలి, వేళ్ళు అదిమినట్టుండకూడదు. "సిస్టర్, గుచ్చిన చోటు కనపడేలా పెడతారా?" అని అడగండి. ఇది తప్పు పట్టడం కాదు, ఇద్దరం కలిసి కాపలా కాయడం.

ఇప్పుడు గంట గంటకీ చూసే పని. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రి వాళ్ళు దీన్ని మూడు మాటల్లోకి కుదించారు. తాకు, చూడు, పోల్చు. తాకితే మెత్తగా, వెచ్చగా, పొడిగా ఉండాలి, బిడ్డ చెయ్యి లాక్కోకూడదు. చూస్తే ఎరుపూ, తడీ, పాలిపోవడం ఉండకూడదు. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పోల్చితే ఒకే లావుండాలి. ఆ మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం. వాపు చిన్నగా ఉన్నప్పుడు ఒక్క చేతిని చూస్తే తెలియదు. రెండూ కలిపి చూస్తే చదువురాని తల్లి కూడా ఇట్టే పట్టేస్తుంది. ఇవాళ అక్కడ పిల్లల ఆసుపత్రులు కలిసి పెట్టుకున్న భద్రతా సమాఖ్య, ఈ గొట్టం పక్కకి పోయి జరిగే హానిని ప్రత్యేకంగా లెక్కగట్టి తగ్గించే పనిలో ఉంది. ఎవరి తప్పని వెతకడానికి కాదు. ఎక్కడ ఆలస్యమైందో వెతకడానికి.

గంటకోసారి చూడాల్సింది సిస్టరే. ఆ మధ్యలో కాపలా మీది. ముఖ్యంగా డ్రిప్పులో కాల్షియం, పొటాషియం, గాఢమైన గ్లూకోజు, బీపీ నిలబెట్టే మందులు, ఫెనిటాయిన్ లాంటి ఫిట్స్ మందులు, క్యాన్సర్ మందులు వెళ్తున్నాయంటే ఇంకా దగ్గరగా చూడాలి. ఇవి నరం దాటి బయటికొస్తే కండని కాల్చేస్తాయి. అందుకే "ఇప్పుడు వెళ్తున్న మందేంటి సిస్టర్?" అని అడిగి తెలుసుకోండి. వాపు కనపడగానే పిలవండి. మొదట డ్రిప్పు ఆపుతారు. మీరు మాత్రం గొట్టం పీకేయకండి. కొన్ని మందుల విషయంలో ఆ గొట్టంలోంచే బయటపడ్డ మందుని వెనక్కి లాగుతారు, విరుగుడూ ఎక్కిస్తారు. చెయ్యి కాస్త ఎత్తుగా పెట్టండి. రుద్దడం, కాపడం, ఐసు ఇవేవీ సొంతంగా చేయొద్దు. ఒక మందుకి పనికొచ్చే కాపడం ఇంకో మందుకి చేటు చేస్తుంది.

చుక్కల వేగం మార్చే చక్రం గురించి కూడా ఒక మాట. "తొందరగా అయిపోతే ఇంటికెళ్ళొచ్చు" అని చక్రం తిప్పే నాన్నల్ని నేను బోలెడుమందిని చూశాను. వద్దు. పసివాళ్ళ గుండె, ఊపిరితిత్తులు ఆ వేగం తట్టుకోలేవు. పిల్లలకి వాడే మైక్రోడ్రిప్ సెట్టులో అరవై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. దీంట్లో ఒక అందమైన లెక్క ఉంది. డాక్టరు గంటకి నలభై మిల్లీలీటర్లు రాస్తే, నిమిషానికి నలభై చుక్కలు పడాలి. రెండంకెలూ ఒకటే. వాచీ పట్టుకుని ఎవరైనా లెక్కపెట్టొచ్చు. బాటిల్ కింద గీతలున్న గాజులాంటి పొడుగాటి డబ్బా ఉంటుంది, బ్యూరెట్. అందులో ఒకటి రెండు గంటలకి సరిపడా మాత్రమే నింపుతారు. పొరపాటున చక్రం పూర్తిగా తెరుచుకున్నా బాటిలంతా బిడ్డ ఒంట్లోకి పోకుండా అది కాపాడుతుంది. లెక్క తేడాగా ఉంటే చక్రం ముట్టుకోకండి. మమ్మల్ని పిలవండి.

గొట్టం లోపలికి దారి అంటే క్రిములకీ దారే. మందు ఇచ్చే ప్రతిసారీ ఆ మూతిని స్పిరిట్‌తో గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు ఇవ్వాలి. గుండెకి దగ్గరగా పోయే పెద్ద గొట్టాలకి, సెంట్రల్ లైన్ అంటారు వాటిని, ఇది మరీ ముఖ్యం. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు దీనికి ఐదు పనుల చిట్టా రాశాడు. చేతులు కడుక్కో. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడువు. ఒళ్ళంతా శుభ్రమైన గుడ్డ కప్పు. వీలైతే తొడ దగ్గర పెట్టకు. అవసరం తీరగానే తీసేయ్. ఇందులో కొత్త సంగతి ఒక్కటీ లేదు. కొత్తదల్లా, డాక్టరు ఇందులో ఏది మర్చిపోయినా ఆపే అధికారం నర్సుకి ఇవ్వడం. మిచిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐసీయూల్లో ఇది అమలు చేస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్లు మూడింట రెండొంతుల దాకా తగ్గాయని 2006లో ప్రకటించారు. గదిలో చిన్నవాళ్ళకి పెద్దవాళ్ళని అడిగే హక్కిస్తే ప్రాణాలు నిలిచాయి చెల్లాయిలూ.

ఆ జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలోనే 2001లో జోసీ కింగ్ అనే పద్దెనిమిది నెలల పాప చనిపోయింది. వేడినీళ్ళు పడి కాలితే చేర్చారు. గాయాలు మానుతున్నాయి, ఇంటికి పంపే రోజు దగ్గరపడింది. పాప దాహంతో అల్లాడుతోందని తల్లి సోరెల్ గమనించింది. చెప్పింది కూడా. ఆ మాటకి దక్కాల్సిన బరువు దక్కలేదు. ఒంట్లో నీరు ఆరిపోవడం, దానికి తోడు ఇచ్చిన మత్తుమందు కలిసి పాపని తీసుకుపోయాయి. ఆసుపత్రి తప్పు ఒప్పుకుంది. ఆ తల్లి పుట్టెడు దుఃఖంలోనూ, పరిహారం సొమ్ములో కొంత తీసి, అదే ఆసుపత్రిలో పిల్లల భద్రత కోసం ఖర్చుపెట్టించింది. కూతురి పేరిట సంస్థ పెట్టి, ఊరూరా తిరిగి డాక్టర్లకీ నర్సులకీ చెప్పింది. ఆవిడ కథ చదివిన రోజు నాకు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆ తల్లి కళ్ళముందు కదిలింది. దేశం వేరు, భాష వేరు. మాట ఒక్కటే. బిడ్డ సరిగ్గా లేదమ్మా, చూడండి.

గొట్టం ఎన్నాళ్ళుండొచ్చని చాలామంది అడుగుతారు. "మూడు రోజులైంది, మార్చరా?" అంటారు. పిల్లలకి అలా రోజులు లెక్కపెట్టి మార్చనక్కర్లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ళు 2011లోనే మార్గదర్శకాల్లో రాశారు. బాగుంటే ఉంచొచ్చు. ఎరుపో, వాపో, నొప్పో ఉంటే ఆ క్షణమే తీయాలి. అయితే రోజూ పొద్దున్న రౌండ్స్‌లో ఒక ప్రశ్న అడగండి: "ఇది ఇంకా కావాలా డాక్టర్ గారూ?" మందు నోటికి మార్చేసి, రేపు అవసరమొస్తుందేమోనని ఉంచేసిన గొట్టాలు నేనెన్నో చూశాను. పనిలేని గొట్టం క్రిములకి తలుపు. ఒకవేళ వారాల తరబడి మందు వెళ్ళాలంటే, చేతి మీద మళ్ళీ మళ్ళీ గుచ్చే బదులు ఎక్కువ కాలం నిలిచే పొడుగు గొట్టం పెట్టొచ్చా అని కూడా అడగొచ్చు. ఏ బిడ్డకి ఏ గొట్టం తగినదో వివరిస్తూ 2020లో ఆస్ట్రేలియా నర్సు పరిశోధకురాలు అమాండా ఉల్‌మన్ నాయకత్వంలో ఒక పెద్ద మార్గదర్శిని కూడా వెలువడింది. తీసేటప్పుడు ప్లాస్టర్ని స్పిరిట్‌తో నానబెట్టి మెల్లగా ఒలవాలి. కత్తెర పెట్టబోతే ఆపండి. కట్టు లోపల పసి వేలు ఎక్కడుందో తెలియక తెగిన వార్తలు మన దేశంలోనే పత్రికల్లో వచ్చాయి.

వార్డులో పనిచేసే నా చిన్న చెల్లెళ్ళకి ఒక మాట. మీ కష్టం నాకు తెలుసు. ఒక్కరే ముప్ఫై మంచాలు చూస్తుంటే గంట గంటకీ ప్రతి చెయ్యీ తాకడం ఎంత కష్టమో నా కాళ్ళకి తెలుసు. మనుషుల్ని పెంచమని పై వాళ్ళని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉండాలి. అప్పటిదాకా ప్రతి మంచం దగ్గరా ఒక తల్లి మేలుకుని ఉంది. ఆవిడకి తాకు, చూడు, పోల్చు అని అర నిమిషంలో నేర్పించండి. అర నిమిషం పెడితే రాత్రంతా మీకు ముప్ఫై జతల కళ్ళు తోడుంటాయి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆసుపత్రిలో ఆ అమ్మే అడగాలి. "ఎందుకు చూడలేదు?" అని కాకుండా "ఒకసారి చూస్తారా?" అని అడగండి. ఒకసారి అడిగితే వినకపోతే రెండోసారి అడగండి. అప్పటికీ కాకపోతే డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. విసుక్కుంటారేమో. విసుక్కోనీ. విసుగు తెల్లారేసరికి పోతుంది.

ఆ పాప సంగతి జరిగాక నేను మంచం మంచానికీ తిరిగి ఒకే మాట చెప్పేదాన్ని. "ఏ వేళప్పుడైనా సరే, చెయ్యి తేడాగా అనిపిస్తే లేపండి." రిటైరవబోయే ముందు నా చివరి నైట్ డ్యూటీల్లో ఒకదాంట్లో, తెల్లవారుజాము మూడింటికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవయ్యేళ్ళుంటాయేమో, తొలికాన్పు. "సిస్టర్, ఏమీ లేదేమో... అయినా ఒక్కసారి" అని నసిగింది. వెళ్ళాను. బాబు రెండు చేతులూ దుప్పటి మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి, నేను చెప్పినట్టే. టార్చి వేసి చూశాను. తాకాను. వెచ్చగా, మెత్తగా, రెండూ ఒకే లావు. ఏమీ లేదు. ఆ అమ్మాయి సిగ్గుపడి, "ఊరికే లేపాను" అంది.

"మంచి పని చేశావు" అన్నాను. "నాలుగింటికి మళ్ళీ పిలువు."